తలుపు తెరిచే ఉందన్నాను

డిసెంబరు 5, గురువారం
ఎండ పడే వరండా నుంచి

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. బావగారికి నమస్కారాలు. ఇక్కడ ముక్కులు కారడం తప్పిస్తే అందరం క్షేమం. మీ ఇంట్లో ముక్కులతో సహా అందరూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను.

నీ ఉత్తరం సోమవారం చేరింది. నేను రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి నా పక్క మంచం కంపౌండరు గారు చదివారు, నేను అడక్కుండానే. ముప్ఫయ్యేళ్ళు డాక్టర్ల గొలుసుకట్టు రాతలు చదివి మందులిచ్చిన మనిషికి నీ రాత ఒక లెక్కా? చదివి, కళ్ళజోడు తీసి, "మీ చెల్లెలు పిలుస్తోందండీ, కానీ గట్టిగా పిలవట్లేదు" అని తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు రాసిందేమిటి? పై గది ఖాళీగా ఉంది, మెట్లు పద్దెనిమిది, పగలంతా మీరిద్దరూ దుకాణంలో ఉంటారు, ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాలి. కాబట్టి అన్నయ్య ఒంటరిగా తిరగగలడని ఇక్కడివాళ్ళు ఒక కాగితం రాసిస్తే ఫిబ్రవరిలో వచ్చెయ్యమన్నావు. ఇందులో గట్టిగా పిలవకపోవడం ఎక్కడుంది? కాగితం అడగడం తప్పా? ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని బండిని నేనూ ఎప్పుడూ రోడ్డెక్కించలేదు. తెస్తాను, చూస్తూ ఉండు.

ఇక చలి సంగతి. బయట చలి మెల్లగా వస్తుందేమో గానీ ఈ హోములో మాత్రం ఆర్డరు మీద వస్తుంది. ఒకటో తారీకు పొద్దున్నే మేట్రన్ గారు గోడకి కాగితం అంటించారు. అంతే, ఆ క్షణం నుంచి చలికాలం. కిటికీ సందులకి స్పాంజి పట్టీలు అతికించారు. స్నానాలు ఆరింటి నుంచి పదకొండుకి జరిగాయి. ఉన్ని టోపీలు పెట్టెలోంచి బయటికొచ్చాయి, ఒక్కోదానికి లోపల గది నంబరు కుట్టి. నాది పద్నాలుగు. తీరా చూస్తే నిన్న పొద్దుణ్ణించీ నా నెత్తి మీదున్నది ఇరవై రెండు, అందుకే చెవులు రెండూ బయటే ఉండిపోయాయి. పెరటి తోట తలుపుకి తాళం వేశారు. పోయిన ఏడాది తడి బండల మీద ఎవరో జారి తుంటి విరగ్గొట్టుకున్నారట. జారింది ఒకరు, శిక్ష ముప్ఫై ఒక్కమందికి.

పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మాకు ఒకటే పని, ఎండని వెంబడించడం. తొమ్మిదింటికి ఎండ తూర్పు వరండా అద్దాల్లోంచి పడుతుంది. అందరం అక్కడ కుర్చీలు వేసుకుంటాం. పదకొండుకి అది భోజనాల హాల్లోకి పోతుంది. వెనకాలే మేమూ. రెండింటికి పడమటి నడవాలోకి. నాలుగింటికి ఎదురు మేడ వెనక్కి పోతుంది, అక్కడికి మమ్మల్ని పోనివ్వరు. కుర్చీలు ఈడ్చినప్పుడు నేల మీద వచ్చే ఆ కీచు శబ్దానికి నాకు పళ్ళు జివ్వుమంటాయి. కూర్చున్న మరుక్షణం అందరూ కునుకు తీస్తారు. నేను తియ్యలేను. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపినవాడు ఎండలో కూర్చుని కునుకు తీస్తే ఏమవుతుందో ఒళ్ళు మర్చిపోలేదు. కాలుగాలిన పిల్లిలా నడవాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతాను. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది, నిజమే. అయినా వెనక చక్రం మొరాయించినంత మాత్రాన బండి ఆగుతుందా?

మాకు పనులు చెప్పడానికి ఒకావిడ ఉంది. ఆవిడ ఉద్యోగం పేరు చాంతాడంత ఉంటుంది గనక మేం కాలక్షేపం మేడం అంటాం. ముఖాన అన్నా ఏమీ అనుకోదు. సోమవారం ఉన్ని అల్లడం, మంగళవారం కుండీల్లో పూల దుంపలు పాతడం, బుధవారం కుర్చీలోనే వ్యాయామం, గురువారం అద్దం బయట పళ్ళెంలో గింజలు పోసి పిట్టల్ని లెక్కపెట్టడం. ఇవాళ గురువారం. పదకొండు పిచ్చుకలు, రెండు పావురాలు, ఒక కాకి. కాకిని లెక్కలో వెయ్యాలా వద్దా అని అరగంట వాదన జరిగింది. వెయ్యాలని నేనన్నాను. అది కూడా చలికి వణుకుతూ వచ్చింది కదా.

ఆ వాదనలో నన్ను గెలిపించింది టీచరమ్మ. ఆవిడ గురించి నీకు చెప్పలేదు. ఎనభై దాటాయి, సన్నగా కడ్డీలా ఉంటుంది. నలభయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పిందట. ఇప్పుడు ఆవిడ మతి ఒక లెక్కన ఉండదు. పొద్దున పూట మనందరికన్నా చురుకు. మధ్యాహ్నం తిరిగేసరికి జారిపోతుంది. సరిగ్గా నాలుగింటికి లేచి, చేతిసంచీ తగిలించుకుని, వీధి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. బడి వదిలేశారు, ఇంటికెళ్ళాలి, పాప ఒక్కతే ఉంటుంది అంటుంది. ఆ పాపకి ఇప్పుడు యాభై రెండేళ్ళు, ప్రతి ఆదివారం వచ్చి చూసి వెళ్తుంది. వీధి తలుపుకి అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం. అంకెలు సిబ్బందికే తెలుసు. చిన్న నర్సు వచ్చి, ఆవిడ పక్కన కాసేపు కూర్చుని, చెయ్యి పట్టుకుని టీకి తీసుకెళ్తుంది. రోజూ ఇదే.

నేను అలా అయిపోకముందే ఇక్కణ్ణించి బయటపడాలి, చెల్లాయీ. మేట్రన్ గారిని సోమవారం కాగితం అడుగుతాను.

ఇట్లు
మీ అన్నయ్య

తా.క. మందపాటి మేజోళ్ళు పంపకు. ఫిబ్రవరిలో నేనే వస్తున్నాగా.


జనవరి 2, గురువారం
భోజనాల హాలు, కిటికీ పక్క బల్ల

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. బావగారి మోకాలు నొప్పి తగ్గిందని తలుస్తాను. నా ఒంటికి ఏ లోటూ లేదు, మనసుకే ముల్లు గుచ్చుకుంది. అది కింద రాస్తాను.

ముందు మంచి వార్త. నాకు అల్లడం వచ్చింది. నవ్వకు. జనవరి ఆఖరి శనివారం ఇక్కడ చలికాలం ప్రదర్శన పెడతారు. బంధువులు వస్తారు. మేం అల్లినవి, పాతినవి, గీసినవి అన్నీ బల్లల మీద పెట్టి, మేం పాటలు కూడా పాడాలి. అందులో పెద్ద తలకాయ మఫ్లరు. అందరూ తలా కొన్ని వరసలు అల్లి కలిపే ఒకే ఒక్క మఫ్లరు. ఇప్పటికి తొమ్మిది మూరలయింది. దాన్ని ఏ మెడకి చుడతారో ఆ దేవుడికే ఎరుక. నా వంతు వచ్చినప్పుడు టీచరమ్మ పక్కన కూర్చుని నేర్పింది. పొద్దున్నే గనక పూర్తి తెలివిలో ఉంది. నేను సూది మీంచి ఒక కుట్టు జారవిడిస్తే చాలు, చూడకుండానే తెలిసిపోతుంది. "విప్పండి డ్రైవరు గారూ, మళ్ళీ అల్లండి" అంటుంది. ఒక్క వరస నాతో ఏడుసార్లు విప్పించింది. ఎనిమిదోసారి నేను విసిగి, ఈ ఒక్క తప్పు ఎవరికి కనబడుతుందండీ అన్నాను. "మీకు కనబడుతుందిగా" అని మళ్ళీ విప్పించింది. చిన్నప్పుడు నాకు ఇలాంటి టీచరు దొరికుంటే స్టీరింగు పట్టేవాణ్ణి కాదేమో, కలెక్టరయ్యేవాణ్ణేమో. పోనీలే, కలెక్టర్లు హారను కొట్టలేరు.

కుండీల్లో దుంపలు మొలకెత్తాయి. నాది తప్ప. నేను రోజూ తవ్వి చూస్తున్నానని కాలక్షేపం మేడం కుండీ లాక్కుని అలమారా మీద పెట్టింది.

ఇప్పుడు ముల్లు సంగతి. మేట్రన్ గారిని కాగితం అడిగాను. ఆవిడ మంచిదే, కానీ గీత గీస్తే గీతే. కాలు చూశారు, నడిపించారు, చేతికర్ర లేకుండా నడవమన్నారు. నడిచాను. తిరగమన్నారు. తిరిగేటప్పుడు గోడ పట్టుకున్నాను. అదిగో, అక్కడ దొరికిపోయాను. డాక్టరు గారు ఏప్రిల్లో అందర్నీ చూస్తారు, అప్పుడు మాట్లాడదాం, ఈ చలిలో మాత్రం కాదు అన్నారు. ఏప్రిల్! నాలుగు నెలలు! షెడ్డులో నిలబెట్టిన బండికి నాలుగు నెలల్లో ఏమవుతుందో నాకు తెలుసు. టైర్లు నేలకి అతుక్కుపోతాయి, బ్యాటరీ చస్తుంది, సీట్ల కింద ఎలకలు కాపురం పెడతాయి. నడిపితేనే బండి.

నాకు పగలు కూర్చోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు. టీ తాగుతూ లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడతాను. ఎదురుగా రోడ్డు, చివర మలుపులో బస్సు స్టాపు. పది నిమిషాలకో బస్సు. బ్రేకు శబ్దం వినగానే ఏ బండో చెప్పగలను. ఒక డ్రైవరు కుర్రతనంగా మలుపు కోస్తున్నాడు, వాడికెవరైనా చెప్పాలి. కంపౌండరు గారు, "మీరు కిటికీకి కాపలా కాస్తే బస్సులు ఎక్కువ రావండీ" అని వెక్కిరిస్తారు. ఆయనకేం, ఆయన కాళ్ళకి చక్రాలు లేవు.

ఈ హోములో నా కాలుని నమ్మేది ఒక్క చిన్న నర్సే. రోజూ పన్నెండింటికి తన భోజనం మానుకుని మరీ పావుగంట నూనె రాసి మర్దనా చేస్తుంది. నిన్న బొటనవేలు నేను చెప్పినట్టు విన్నది. ఇద్దరం కేరింతలు కొట్టాం. ఆ అమ్మాయికి ఒక అలవాటు ఉంది, తలుపు అంకెలు నొక్కేటప్పుడు పెదాలు కదుపుతుంది. ఊరికే రాస్తున్నాను.

బావగారితో మాట్లాడు. కాగితం లేకుండా వస్తే ఏమంటారో అడుగు. పద్దెనిమిది మెట్లూ నేను ఎక్కుతాను. నమ్ము.

ఇట్లు
మీ అన్నయ్య

తా.క. టీచరమ్మ ఇందాక నాలుగింటికి నన్ను చూసి, మీరూ ఇంటికేనా అని అడిగింది. అవునన్నాను.


జనవరి 18, శనివారం
గది నంబరు 14

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. బావగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం బావగారికి బిగ్గరగా చదివి వినిపించు. ఆయన వినాల్సిన ఉత్తరం ఇది.

కాగితం లేకుండా ఎలా అని బావగారు అన్నారని రాశావు. న్యాయమే. అయితే నేను ఒంటరిగా తిరగగలనా లేదా అన్నదానికి ఇప్పుడు కాగితం అక్కర్లేదు. మొన్న గురువారం ఇక్కడ ఏం జరిగిందో రాస్తాను, మీరే చెప్పండి.

ఆ రోజు పొగమంచు. మధ్యాహ్నమయినా ఎదురు మేడ కనబడలేదు. ఎండ లేదు గనక వెంబడించడానికి ఏమీ లేక అందరూ హాల్లో చేరారు. ప్రదర్శనకి పాటల సాధన జరుగుతోంది. కాలక్షేపం మేడం హార్మోనియం పెట్టె వాయిస్తోంది, కంపౌండరు గారు శ్రుతికి సంబంధం లేకుండా పాడుతున్నారు, నర్సులు కూడా అందులోనే. నాకు తలనొప్పిగా ఉండి గదిలో ఉండిపోయాను. నాలుగు దాటాక నడవాలోకి వచ్చి చూస్తే వీధి తలుపు దగ్గర టీచరమ్మ కుర్చీ ఖాళీ. తలుపు ఓరగా తెరిచే ఉంది. అంతకుముందే చిన్న నర్సు ఉతికిన దుప్పట్ల బండి లోపలికి లాక్కొచ్చింది, తలుపు సరిగ్గా పడలేదన్నమాట. ఆ అమ్మాయి మంచిదే గానీ కాస్త పరధ్యానం ఎక్కువ.

నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. కర్ర కూడా తీసుకోకుండా బయటికి నడిచాను. చెల్లాయీ, ఆ మంచులో నా చెయ్యి నాకే కనబడలేదు. గేటు దాటి ఎడమకి తిరిగాను. లాండ్రీ దాటాను, సైకిళ్ళ షాపు దాటాను. సందు సందూ వెతికాను. ముప్పావు గంట తిరిగాను, ఒంటరిగా, చలిలో, ఈ కాలుతోనే. చివరికి బస్సు స్టాపు బెంచీ మీద దొరికింది. ఒంటి మీద పలచటి స్వెట్టరు, ఒక కాలికే చెప్పు. నా కోటు తీసి కప్పాను. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. మేం గేటులోకి వచ్చేసరికి టీ గంట కొట్టి, టీచరమ్మ లేదని తెలిసి, మేట్రన్ గారు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగుతున్నారు.

తరవాత జరిగింది రాస్తే గొప్పలు అంటావు, అయినా రాస్తాను. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. కంపౌండరు గారు కావలించుకున్నారు. కాలక్షేపం మేడం నా ఫొటో తీసి నోటీసు బోర్డు మీద, పిట్టల లెక్క పక్కన అంటించింది. టీచరమ్మ కూతురు నిన్న వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది, మీరు లేకపోతే మా అమ్మ మాకు దక్కేది కాదంది. టీచరమ్మకి ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. ఛాతీలో నెమ్ము చేరిందట. సిక్ రూములో ఉంచారు. డాక్టరు వచ్చి సూదిమందు ఇచ్చి వెళ్ళారు. ఈ వయసులో అంతకన్నా ఏం చెప్పలేమన్నారు.

చిన్న నర్సుని ఇంటికి పంపించేశారు. విచారణట. తేలేదాకా రావద్దన్నారు. తప్పు జరిగినప్పుడు ఎవరో ఒకరు మొయ్యాలి కదా, ఏం చేస్తాం.

ఇప్పుడు చెప్పు. మంచులో ముప్పావు గంట వెతికి, ఒక మనిషిని బతికించి తీసుకొచ్చినవాడు నీ ఇంట్లో పగటిపూట ఒక్కడే ఉండలేడా? బావగారి జవాబు కోసం ఎదురు చూస్తాను.

ఇట్లు
మీ అన్నయ్య

తా.క. జనవరి 20, సోమవారం

ఈ కవరు శనివారమే అతికించాను. ఆదివారం టపా తియ్యరు గనక దిండు కింద ఉండిపోయింది. ఇందాక చింపాను. పైన రాసినదంతా కూడా చింపి పారేద్దామనుకుని ఆగాను. అదీ పంపిస్తున్నాను. మీ అన్నయ్య ఎంత శుభ్రంగా అబద్ధం రాయగలడో నీకు తెలియాలి.

తలుపు తెరిచి లేదు. నేను తెరిచాను. ఆ అంకెలు చిన్న నర్సు పెదాలు చూసి డిసెంబరులోనే నేర్చుకున్నాను. నాకు తలనొప్పి లేదు. మాత్రల పొట్లాలు కోటు జేబులో పెట్టుకున్నాను, బస్సు పాసు పెట్టుకున్నాను. నేను నీ ఇంటికే బయల్దేరాను, చెల్లాయీ. గుమ్మంలోకి వచ్చి నిలబడితే పొమ్మనలేవని.

టీచరమ్మ తన కుర్చీలోనే ఉంది. నేను అంకెలు నొక్కుతుంటే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాను. తలుపు దానంతటదే పడుతుందనుకున్నాను, పడిందో లేదో తిరిగి చూడలేదు. లాండ్రీ దాటాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. టపటపమని, ఒకటి పడీ ఒకటి పడకుండా. "డ్రైవరు గారూ, ఆగండి, నేనూ వస్తున్నాను" అంది. గొంతు ఎంతో మర్యాదగా ఉంది, క్లాసులో పక్క టీచర్ని పిలిచినట్టు. రెండుసార్లు పిలిచింది.

నేను విన్నాను. వినబడలేదని ఎవరితోనైనా అనవచ్చు, నీతో అనను. విన్నాను. ఆగితే ఆవిణ్ణి వెనక్కి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే నేను మళ్ళీ బయటికి రాలేను. అంతే ఆలోచించాను. కాలు ఈడ్చుకుంటూ వేగంగా నడిచాను. స్టాపులో బస్సు ఉంది. ఎక్కాను. డ్రైవరు అద్దంలో చూసి, వెనక ఎవరో వస్తున్నారు, మీవాళ్ళా అని అడిగాడు. కాదన్నాను. బండి కదిలింది.

సర్వీసులో పరిగెత్తుకొచ్చే మనిషిని ఒక్కసారి కూడా వదిలి పోలేదని మీ వదిన ఉన్నన్నాళ్ళూ ఆవిడతో ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే లెక్క లేదు. కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. అద్దానికి అవతల తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఇన్ని నెలలు ఆ సీటు కోసమే ప్రాణం కొట్టుకుంది. కూర్చున్నాక ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. మూడో స్టాపులో దిగిపోయాను. రోడ్డు దాటి ఇవతలి బస్సు కోసం నిలబడ్డాను. మంచులో ఆ బస్సు ఎంతకీ రాలేదు. నడుద్దామనుకున్నాను, కాలు నడవనివ్వలేదు. ఆ ముప్పావు గంటా నేను వెతకలేదు. పావుగంట బస్సులో, అరగంట స్టాపులో గడిచిపోయింది. ఆవిడ ఆ బెంచీ మీద గడిపింది.

చివరికి బస్సు వచ్చి నేను మా స్టాపులో దిగేసరికి నిటారుగా కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. వేళ్ళు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి కోపగించుకుంటుందని, ఏమైనా అంటుందని చూశాను. నన్ను గుర్తు పట్టలేదు. కొంచెం పక్కకి జరిగి, "కూర్చోండి, చోటుంది" అంది.

హోముకి వచ్చాక మేట్రన్ గారు తలుపు ఎలా ఉందని అడిగారు. తెరిచే ఉందన్నాను. అంతే అన్నాను. దుప్పట్ల బండి సంగతి వాళ్ళే గుర్తు చేసుకున్నారు, చిన్న నర్సు పేరు వాళ్ళే అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని చప్పట్లు తీసుకున్నాను.

ఇవాళ పొద్దున చిన్న నర్సు తన సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. సరాసరి నా గదికి వచ్చి, కొత్తగా వచ్చిన నర్సుని కూర్చోబెట్టి, నా కాలికి నూనె ఎక్కణ్ణించి ఎక్కడికి రాయాలో, బొటనవేలు దగ్గర ఎంతసేపు ఆగాలో చూపించింది. నొప్పి వస్తే ఆయన చెప్పరు, ముఖం చూసి మీరే తెలుసుకోవాలి అని చెప్పింది. తరవాత నాతో, "మీరు టీచరమ్మని తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది తాతగారూ, లేకపోతే నేను బతికున్నన్నాళ్ళూ నిద్రపోయేదాన్ని కాదు" అంది. తన తప్పే అని నమ్మేసింది, చూశావా. తలుపు వేసిందో లేదో తనకే అనుమానం వచ్చేలా చేశాను.

ఆ అమ్మాయి వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం మేట్రన్ గారి గదికి వెళ్ళాం. నిలబడే చెప్పాను. మేట్రన్ గారు మొదట రాసుకుంటూ విన్నారు, మధ్యలో కలం కింద పెట్టేశారు. చిన్న నర్సు గోడకి ఆనుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

రేపటి నుంచి ఆ అమ్మాయి డ్యూటీకి వస్తుంది. తలుపు అంకెలు మార్చారు. నన్ను మేడ మీద గదికి మారుస్తున్నారు, తోడు లేకుండా కిందికి దిగకూడదు. ఏప్రిల్లో డాక్టరు పరీక్ష నాకు లేదు. నోటీసు బోర్డు మీద ఫొటో నేనే పీకేశాను. కంపౌండరు గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు, నాతో మాట్లాడటం లేదు. టీచరమ్మ కూతురికి సాయంత్రం నేనే చెప్పాలన్నారు మేట్రన్ గారు. ఆవిడ వచ్చే వేళయింది. అక్షరాలు చూడు ఎలా వంకరపోతున్నాయో.

టీచరమ్మకి జ్వరం ఇవాళ కొంచెం తగ్గింది. రెండు చెంచాల సూపు తాగింది. దగ్గు మాత్రం తగ్గలేదు. గట్టెక్కిందని ఇంకా ఎవరూ అనడం లేదు. మధ్యాహ్నం కాసేపు పక్కన కూర్చోనిచ్చారు. అంతా చెప్పాను. విన్నదో లేదో తెలియదు. నా చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఉందని సైగ చేసింది, పెట్టుకున్నాను.

పై గది నా కోసం ఖాళీగా ఉంచకు. బావగారు ఆ రోజు అన్నది సరైన మాట. మీకు వీలైతే ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి, తీసుకెళ్ళడానికి కాదు.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ ఫోను మాత్రం చెయ్యకు, ఉత్తరమే రాయి. ఫోనులో నీ గొంతు వినగానే నేను మళ్ళీ ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తాను.